అమ్మకం సరే... తర్వాతి తేదీ ఏదీ?

ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని ప్లాస్టిక్ డబ్బాలో, క్రీములో, వంటింటి సామానో అమ్మే గృహిణులు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది అనే మాట ఒకటుంది. "అమ్మకం బాగానే ఉంటోందండీ, చేతిలోనే ఏమీ మిగలడం లేదు!" మీరూ అలాగే అనుకుంటున్నారా? అయితే ఓసారి గోడ మీది క్యాలెండరు తీసి చూడండి. ఈ నెలలో ఎన్ని పార్టీలున్నాయి? వచ్చే నెలలో ఒక్కటైనా ఖాయమైందా?

ఒకరింట్లో పదిమంది ఆడవాళ్ళు చేరడం, వస్తువు చేత్తో పట్టుకుని చూడడం, ఎలా వాడాలో తెలుసుకుని ఆర్డరివ్వడం... హోమ్ పార్టీ అంటే ఇంతే. మన పేరంటానికి దగ్గరి చుట్టం! అమెరికాలో టప్పర్‌వేర్ డబ్బాలు మొదట దుకాణాల్లో సరిగా అమ్ముడుపోలేదు. మూత ఎలా బిగించాలో ఎవరైనా చూపిస్తే గానీ జనానికి అర్థం కాలేదు. ఇళ్ళలో పార్టీలు పెట్టి వాటిని బాగా అమ్మినవాళ్ళలో బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఒకరు. 1951లో ఆ కంపెనీ దుకాణాలు మానేసి పార్టీలనే నమ్ముకుంది, ఆ బాధ్యత ఆవిడకే అప్పగించింది. 1996లో మన దేశంలోనూ అడుగుపెట్టింది.

ముందు లెక్క వేసుకోండి

మీకు నూటికి 20 రూపాయల కమీషన్ వస్తుందనుకుందాం. ఒక పార్టీలో 6,000 రూపాయల ఆర్డర్లు వస్తే మీ వాటా 1,200. ఇల్లిచ్చినావిడకు బహుమతి 200, పార్టీకి వెళ్ళడానికీ సరుకు అందించడానికీ ఆటో ఖర్చు 200, క్యాటలాగులు, సంచులు, ఫోన్లు 100... మొత్తం 500 పోను మిగిలేది 700. ఫోన్లు చేయడం, పార్టీ జరపడం, సరుకు విడదీసి పంచడం అన్నీ కలిపి అయిదు గంటలు పట్టిందనుకోండి, గంటకు 140 రూపాయలన్నమాట.

అదే పార్టీకి నలుగురే వచ్చి 2,000 రూపాయల సరుకే కొన్నారనుకోండి. కమీషన్ 400, ఖర్చు 500. మీరే వంద ఎదురిచ్చుకున్నారు! ఈ లెక్క ప్రకారం 2,500 దాటితే గానీ మీకు రూపాయి మిగలదు. మీ కమీషన్, మీ ఖర్చులు వేసుకుని మీ సంఖ్య ఎంతో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఒకే వైపు ఉన్న రెండిళ్ళలో ఒకే రోజు, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం పెట్టుకుంటే ఆటో ఖర్చు కలిసొస్తుంది.

పార్టీలోనే తర్వాతి పార్టీ

తర్వాతి పార్టీ ఖాయం కావలసింది ఈ పార్టీలోనే. వస్తువు చూసిన సరదా ఇంటికెళ్ళి అన్నం వండేసరికి చల్లారిపోతుంది. "మా ఇంట్లో కూడా ఎప్పుడైనా పెడదాం" అన్నారంటే సంతోషించకండి. ఆ 'ఎప్పుడైనా' ఎప్పటికీ రాదు! "వచ్చే బుధవారం కుదురుతుందా, పై శనివారమా?" అని రెండు తేదీలు చెప్పి అడగండి. అక్కడే డైరీలో రాసుకోండి. తేదీ మూడు వారాలు దాటకుండా చూసుకోండి. దూరం పెట్టిన తేదీకి ఏదో ఒక అడ్డు వస్తుంది.

ప్రతి పార్టీలో రెండు తేదీలు ఖాయం చేసుకుంటే ఒకటి తప్పినా ఒకటి నిలుస్తుంది. ఎవరైనా వద్దంటే తేదీ కొట్టేయకుండా మార్చి రాసుకోండి. ఇల్లిచ్చేవారిని కావలసిన వారికి రెట్టింపు మందిని పిలవమనండి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి ఊరుకుంటే లాభం లేదు, నోటితో పిలవాలి. ముందురోజు ఒక ఫోను తప్పనిసరి.

మరో సంగతి. వదినలు, ఆడపడుచులు, పక్కింటి పిన్నిగార్లు మీ మీద అభిమానంతో ఒకసారి కొంటారు, రెండోసారి మొహమాటానికి కొంటారు. మూడోసారి మీరు వస్తున్నారంటే తలుపు తీయడానికి తటపటాయిస్తారు! కాబట్టి తర్వాతి తేదీ మీకు కొత్తగా పరిచయమైన వారింట్లో ఉండేలా చూసుకోండి. చుట్టరికాలు చెడగొట్టుకుని చేసే వ్యాపారం ఎన్నాళ్ళు సాగుతుంది?

ఏ రోజు? ఏ నెల?

జీతాలొచ్చాక, పాలవాడు, ఇంటద్దె, ఫీజులు మొత్తం ఊడ్చేయకముందే పార్టీ జరగాలి. అంటే 3వ తేదీ నుంచి 12 లోపు. నెలలో మిగతా రోజులు సరుకు అందించడానికి, ఫోన్లకు పెట్టుకోండి. గృహిణులకు పిల్లలు బడికెళ్ళాక పదకొండు గంటలు అనువు. ఉద్యోగస్తులకు ఆదివారం సాయంత్రం. మంగళ, శుక్రవారాల్లో చేతి నుంచి డబ్బివ్వడానికి ఇష్టపడనివాళ్ళు ఉంటారు, అది గుర్తుంచుకోండి.

మార్చిలో పరీక్షలు, ఏ తల్లీ రాదు. ఏప్రిల్ మొదట్లో వడియాలకు, ఊరగాయలకు డబ్బాలు కావాలి. ఆవకాయ పెట్టడం మొదలయ్యాక మాత్రం ఎవరినీ కదిలించకండి! జూన్‌లో బడులు తెరవకముందే లంచ్ బాక్సులు, నీళ్ళ సీసాలు చూపించాలి. శ్రావణంలో పేరంటాళ్ళకిచ్చే చిన్న వస్తువులు డజన్ల లెక్కన పోతాయి. అయితే పార్టీ వారం మధ్యలో పెట్టండి. మహాలయ పక్షాల్లో కొత్త వస్తువు కొనడానికి చాలామంది వెనకాడతారు కాబట్టి, ఆ పదిహేను రోజులూ దసరా, దీపావళి తేదీలు ఖాయం చేసుకోవడానికి వాడుకోండి. సంక్రాంతికి ముందు అరిసెలు, జంతికలు దాచే పెద్ద డబ్బాలకు గిరాకీ.

వీటన్నిటికంటే ముందు మీ ఇంటి రోజులు గుర్తుపెట్టండి. పిల్లల పరీక్షలు, అత్తగారి డాక్టరు, ఆడపడుచు రాక... అవి పోను మిగిలిన రోజులే వ్యాపారానివి. నెలకు నాలుగు మంచి పార్టీలు చాలు. ఎనిమిది పెట్టుకుని అలిసిపోతే పై నెల ఒక్కటీ ఉండదు.

అరువు, నిల్వ

"వచ్చే నెలిస్తాలే వదినా" అంటే నవ్వుతూనే, "కంపెనీకి నేను ముందే కట్టాలి వదినా, సగమైనా ఇప్పుడివ్వు" అనండి. రానిబాకీ 1,400 రూపాయలైతే పైన చెప్పిన రెండు పార్టీల కష్టం పోయినట్టే. టార్గెట్ కోసం మీ డబ్బుతో సరుకు కొని మంచం కింద పెట్టుకోవద్దు. ఎంత పేరున్న కంపెనీకైనా గడ్డురోజులు రావచ్చు. టప్పర్‌వేరే 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా చట్టం కింద రక్షణ కోరింది. ఆర్డరొచ్చాకే సరుకు తెప్పించండి.

ఇక చట్టం సంగతి. మన దేశంలో 2021లో డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా కొనేవారి ఇంటికి వెళ్ళకూడదు. వస్తువు అమ్మకం మీద కాక మనుషుల్ని చేర్పించడం మీద డబ్బొస్తుందని చెప్పే గొలుసుకట్టు పథకాలు నిషిద్ధం. "ముగ్గుర్ని చేర్పించు, ఇంట్లో కూర్చో" అనేవారికి మర్యాదగా నమస్కారం పెట్టేయండి.

ఈ రాత్రి వంటిల్లు సర్దాక పది నిమిషాలు క్యాలెండరు ముందు కూర్చోండి. ఇంటి రోజులు ఎర్ర పెన్నుతో, పార్టీ రోజులు నీలం పెన్నుతో గుర్తుపెట్టండి. వచ్చే నెలలో నీలం గుర్తు ఒక్కటీ లేకపోతే... రేపు పొద్దున మొదటి ఫోను ఎవరికి చేయాలో మీకే తెలుసు!