మీటరు మెరిస్తే చాలదు, నిజం చెప్పాలి

కామారెడ్డి, ఎల్లారెడ్డి (మా విలేకరి): పాత కారుకు కంపెనీ మీటరు తీసివేసి, బయట కొన్న డిజిటల్ మీటరు బిగించుకోవాలనే మోజు కొందరిలో కనబడుతున్నది. అయితే ఆ అంకెలు ఎంతవరకు నిజమన్నది వెనుక కలిపిన వైర్లను బట్టి ఉంటుంది.

పాత అంబాసిడర్లలో గేరుబాక్సు నుండి వచ్చే కేబులు ముల్లును తిప్పేది. డిజిటల్ మీటరు సెన్సారు పంపే సంకేతాలను లెక్కించి వేగం చూపుతుంది. టైరు సైజుకు ఆ లెక్క సరిచేయకపోతే 60లో పోయే బండి 50 అని చూపవచ్చును. 44వ నెంబరు జాతీయ రహదారిపై ఇది ప్రమాదకరం. ట్యాంకులోని ఫ్లోటుకు మీటరు సరిపడకపోతే, పెట్రోలు అడుగంటినా సగం ఉన్నట్లు కనబడుతుంది. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి రోగిని తీసుకుపోయే కారు దారిలో ఆగితే బాధ్యులెవరు?

పాత కారు కొనే రైతులు మరొక సంగతి గమనించాలి. కొత్త మీటరు సున్నా నుండి మొదలయితే, లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి కూడా కొత్తదిగానే కనబడుతుంది. మీటరు మార్చిన తేదీ, పాత మీటరులోని అంకె రాయించుకోవాలి. సర్వీసు రశీదులు అడగాలి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పులకు యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చును. కనుక ముందే రవాణా శాఖలో విచారించుకోవడం మంచిది.

బిగించిన తరువాత తాళం తిప్పగానే ఆయిలు, ఛార్జింగు దీపాలు వెలగాలి, ఇంజను నడవగానే ఆరాలి. అలా కాకపోతే మెకానిక్కుకు డబ్బు చెల్లించవద్దు. ఆయిలు దీపం పనిచేయని కారులో ఇంజను సీజయ్యే దాకా తెలియదు.