పోలిక ఒక్కటేనా కొలమానం?

కోనసీమలోని ముమ్మిడివరం సెంటర్లో ఫ్లెక్సీ కట్టినా, కాలం చేసిన పెద్దాయన పటం గీయించినా జనం మెచ్చుకోలు ఒక్కటే: "అచ్చు గుద్దినట్టు దిగింది." దండ వేసి దణ్ణం పెట్టుకునే పటానికి ఆ మెప్పు చాలు. అదే కొలబద్దను చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ స్వీయచిత్రం మీద పెట్టి, "పోలికా లేదు, పొందికా లేదు" అని తీసిపారేయడం మాత్రం అన్యాయం.

పోలిక గీయడం ఆమెకు చేతకాకనా? పారిస్‌లో చదువుకునే రోజుల్లో చెల్లెలు ఇందిరనూ ఒక స్నేహితురాలినీ కూర్చోబెట్టి గీసిన 'యంగ్ గర్ల్స్' చిత్రానికి 1933లో అక్కడి సలోన్ కళా ప్రదర్శన బంగారు పతకం ఇచ్చింది.

మరుసటి ఏడాది గీసుకున్నదే 'తాహితీ స్త్రీగా స్వీయచిత్రం'. నడుము పైన వస్త్రం లేదు. జుట్టు వెనక్కి లాగి కట్టింది, చేతులు పొత్తికడుపు దగ్గర ముడుచుకుంది. వెనక ఒక మగవాడి నీడ నల్లగా కమ్ముకుని ఉంది. ఆమె కళ్లు మనవైపు తిరగవు. పక్కకు, ఎటో చూస్తుంటాయి. మనల్ని రమ్మనే చూపు కాదది.

ఇది ఫ్రెంచ్ చిత్రకారుడు గొగేన్‌కు నకలు అనేవాళ్లూ ఉన్నారు. గొగేన్ తాహితీ దీవికి వెళ్లి అక్కడి ఆడవాళ్లను గీశాడు. వాళ్ల చేతిలో కుంచె లేదు. సిక్కు తండ్రికీ హంగేరియన్ తల్లికీ పుట్టిన ఈ ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి, తానెన్నడూ చూడని ఆ దీవి ఆడదాని స్థానంలో నిలబడి, కుంచె తానే పట్టింది. పరాయి కళ్లు తనలో ఏం వెతుకుతున్నాయో గీసి చూపించింది. నకలు ఇంత ధైర్యం చేయదు.

పోలిక మీద మోజు పామరులకే పరిమితం కాదు. 1936-37 దక్షిణాది యాత్రలో ఆమె హైదరాబాద్ వచ్చినప్పుడు, యూరప్ బొమ్మలు ఇంటినిండా పోగుచేసుకున్న నవాబ్ సాలార్‌జంగ్ ఆమె చిత్రాలు కొనలేదు. ఆ యాత్ర తర్వాత ఆమె గీసిన 'బ్రహ్మచారులు' నేడు ఢిల్లీ జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉంది. 1941లో, ఇరవై ఎనిమిదేళ్లకే లాహోర్‌లో కన్నుమూసింది.

కోనసీమ బడుల్లోని డ్రాయింగ్ మాస్టార్లకు ఒక్క విన్నపం. ఈ ఏడాది ఒక పీరియడ్ పిల్లల చేతికి అద్దమిచ్చి తమను తాము గీసుకోమనండి. ముక్కు వంకర పోయిందని మార్కులు కోయకండి.