పురుడు పోయింది, విందు మిగిలింది

నవంబరు నెలాఖరు థాంక్స్‌గివింగ్ సెలవులు మొదలుకొని సంక్రాంతి దాకా అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో విందులకు లోటుండదు. ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే ఇక చెప్పనక్కరలేదు. బారసాలకు డెబ్భై ఎనభై మంది, సెలవులకని రెండు మూడు రాష్ట్రాల నుంచి కార్లలో దిగే బంధుమిత్రులు, ఆపైన సంఘంవారి సంక్రాంతి సభలో భోగిపళ్ళు. రెండు నెలలైనా నిండని పసికందు ఒక చేతినుంచి మరో చేతికి మారుతూ, అందరి ముద్దులూ అందుకుంటూ హాలంతా తిరిగి వస్తుంది. దీన్ని మనం సంప్రదాయం అంటున్నాం. ఇది మన సంప్రదాయానికే విరుద్ధమని మా వాదన.

మన అమ్మమ్మల కాలంలో పురుడంటే ఏమిటి? బాలింతకూ బిడ్డకూ వేరే గది. పురిటిస్నానం అయ్యేదాకా ఆ గదిలోకి అందరికీ ప్రవేశం ఉండేది కాదు. బయట తిరిగి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోనిదే బిడ్డ దగ్గరికి రానిచ్చేవారు కారు. చాలా ఇళ్ళలో మూడోనెల వచ్చేదాకా బిడ్డ గడప దాటేది కాదు. అందుకు వాళ్ళు చెప్పిన కారణాలు మైల, దిష్టి. ఆ కారణాలను మనం నమ్మనక్కరలేదు. గాలాడని చీకటి గది, బాలింతను అంటరానిదానిలా చూడడం, కడుపు మాడ్చే పథ్యం పోవడమే మంచిది. కాని పసిబిడ్డను గుంపుకు దూరంగా ఉంచడమనే మంచిని కూడా వాటితోపాటే పారేశాం.

పారేయవలసినవాటిని మాత్రం పదిలంగా తెచ్చుకున్నాం. పుట్టిన బిడ్డ నాలికకు తేనె రాయడం ఇంకా మానలేదు. ఏడాది లోపు పిల్లలకు తేనెవల్ల బాట్యులిజం అనే పక్షవాతం వంటి జబ్బు రాగలదు. పసిపిల్లల్లో ఈ జబ్బును వైద్యులు 1976లోనే గుర్తించారు. సూట్‌కేసులో వచ్చే కాటుకల్లో కొన్నిటిలో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అది పిల్లల మెదడుకు విషం.

ఇక గుంపు సంగతి. పెద్దవాళ్ళకు రెండురోజుల పడిశంగా పోయే ఆర్.ఎస్.వి. అనే వైరస్, పసిపిల్లల్లో ఊపిరితిత్తుల సన్నని గొట్టాలను మూసేస్తుంది. ఈ దేశంలో ఏడాది లోపు పిల్లలు ఆసుపత్రిలో చేరడానికి ప్రధాన కారణం అదే. అది విజృంభించేది సరిగ్గా డిసెంబరు, జనవరి నెలల్లో, అంటే మన విందుల కాలంలోనే. కోరింత దగ్గు టీకా మొదటి మోతాదు రెండోనెలలో గాని పడదు. ఆ జబ్బు సోకిన పసిబిడ్డ ఒక్కోసారి దగ్గదు కూడా, ఊపిరి ఆగిపోతుంది. ఫ్లూ టీకా ఆరునెలలు నిండితేగాని ఇవ్వరు. నెలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే ‘చుక్కల మందు వేసి చూద్దాం’ అనడానికి లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ రక్తం, మూత్రం, వెన్నులోని నీరు తీసి పరీక్షిస్తారు. ఒక ముద్దు ఖరీదు ఇంతవరకూ రావచ్చు.

“మేమంతా అలాగే పెరిగాం, ఏమైంది?” అని కొందరు పెద్దలు అడుగుతారు. 1971లో భారతదేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. అందుకు పేదరికం, మంచినీళ్ళు, వైద్యం లేకపోవడం వంటి కారణాలెన్నో ఉన్నాయి. అయినా, “ఏమైంది?” అని అడగగలిగేది బతికినవాళ్ళే. పోయిన ఆ 129 మంది మన సభకు వచ్చి జవాబు చెప్పలేరు.

“ఇక్కడ మనకున్నదే నలుగురు, వాళ్ళనూ రావద్దంటే ఎలా?” అని మరికొందరంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. మంచుకాలంలో నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్న బాలింత మనసు కుంగిపోవడం మనకు తెలియనిది కాదు. అయితే ఎనభైమంది విందు ఆ ఒంటరితనానికి మందా? పుట్టింట్లో అయితే ఆమెకు కంచంలో అన్నం కలిపి పెట్టేవారు. ఇక్కడ ఆమే లేచి కాఫీలు అందించాలి. ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మ మనవరాలిని ఎత్తుకోవడం మాని గారెలపిండి రుబ్బుతూ ఉంటుంది. ఆ ఇంటికి కావలసింది అతిథులు కారు. గుమ్మం దగ్గర చారు, కూర పెట్టి వెళ్ళేవాళ్ళు, చేతులు కడుక్కుని వచ్చి సింకులో గిన్నెలు తోమిపెట్టేవాళ్ళు, పెద్దపిల్లాణ్ణి ఓ పూట తమ ఇంటికి తీసుకుపోయేవాళ్ళు కావాలి.

అందుచేత మా కోరికలు ఇవి. బారసాల మంత్రం ఇంటివాళ్ళ మధ్య జరగనివ్వండి, విందు వెనక్కి జరపండి. భారతదేశం నుంచి వచ్చే తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు కోరింత దగ్గు టీకా విమానం ఎక్కడానికి రెండు వారాల ముందే వేయించుకోవాలి. 2023 నుంచి ఆర్.ఎస్.వి.కి గర్భిణికి టీకా, లేదా బిడ్డకు రక్షణ ఇంజెక్షను ఇస్తున్నారు. రెంటిలో ఒకటి తప్పక అడగండి. పడిశం ఉన్నవాళ్ళు ఫోనులో ఆశీర్వదించండి. వద్దన్న తల్లిని చూసి “అమెరికా పోకడలు” అని నొసలు విరవకండి, ఆమె తన అమ్మమ్మ పద్ధతినే పాటిస్తోంది.

సంఘం కార్యవర్గానికి ఒక్క విన్నపం. మూడునెలలు నిండని పిల్లలను సంక్రాంతి సభలో వేదిక ఎక్కించడం మానండి. ఆ ముచ్చట ఉగాదికి పెట్టండి. థాంక్స్‌గివింగ్ నాటికి పుట్టిన బిడ్డకు అప్పటికి మొదటి టీకాలు పడి ఉంటాయి, మెడ నిలుస్తుంది, మనల్ని చూసి నవ్వుతుంది కూడా. వచ్చే సమావేశంలోనే దీన్ని తీర్మానంగా చర్చకు పెట్టాలని కోరుతున్నాం.