క్వాంటం విద్య: నారుమడికి నీరేది?

2020వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున కేంద్రప్రభుత్వమువారు తమ ఆయవ్యయపత్రమునందు క్వాంటం శాస్త్రాభివృద్ధికై అయిదేండ్లలో 8,000 కోట్ల రూపాయలు వ్యయము చేయుదుమని ప్రకటించిరి. విద్యావంతు లెల్లరు హర్షించిరి. పిదప మూడేండ్లు గడచినవి. 2023 ఏప్రిల్ 19వ తేదీన మంత్రివర్గమువారు తుద కామోదించిన మొత్తము 6,003 కోట్ల 65 లక్షలు, గడువు ఎనిమిదేండ్లు. చెప్పిన సొమ్ము తగ్గినది, చెప్పిన కాలము పెరిగినది. ఏటి లెక్కన చూచినచో 1,600 కోట్లు 750 కోట్లయినవి. అయినను దీనిని మేము తృణీకరింపము. అసలు లేకపోవుటకంటె నిది మేలు. మే మడుగదలచిన ప్రశ్న వేఱు: ఈ ధనము ఎచ్చటికి పారుచున్నది? ఎచ్చటికి పారవలసియున్నది?

ఈ శాస్త్రము మనకేల యని పాఠకులలో కొందఱు తలపవచ్చును. మనము వాడు కంప్యూటరు సున్న, ఒకటి అను రెండంకెలతో లెక్క సాగించును. క్యూబిట్టు అనునది ఆ రెండు స్థితులును కలసిన స్థితియందు నిలువగలదు. అట్టివానిని పెక్కింటిని ఒకదానితో నొకటి ముడివేసినచో కొన్ని జాతుల లెక్కలు సామాన్యయంత్రముల కందని వేగమున తేలును. చాలినంత పెద్ద క్వాంటం యంత్రము లభించినచో, బ్యాంకులును ప్రభుత్వములును తమ రహస్యములను దాచుకొను తాళములలో ముఖ్యమైనవి విడిపోవునని 1994లో పీటర్ షోర్ అను గణితవేత్త చూపెను. అంత పెద్ద యంత్రము నేటికిని లేదు. అది వచ్చిననాడు, తాళపు మర్మ మెఱుగని జాతి తన యింటి తలుపు వేసికొనుటకు సైతము పరులను పిలువవలసివచ్చును. ఇది వేడుకకై నేర్చుకొను విద్య కాదు. స్వాతంత్ర్యమును నిలుపుకొను విద్య.

జాతీయ క్వాంటం మిషన్ క్రింద నాలుగు కేంద్రములు నిర్ణయింపబడినవి. గణనయంత్రములకు బెంగళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ, వార్తాప్రసారమునకు మద్రాసు ఐ.ఐ.టి., సూక్ష్మమాపనమునకు బొంబాయి ఐ.ఐ.టి., పదార్థములకును పరికరములకును ఢిల్లీ ఐ.ఐ.టి. ఇతర సంస్థల పరిశోధకులును వీనితో చేర్చబడిరి. ఈ నాలుగును యోగ్యమైన సంస్థలే. వానికి చేరిన ధనమును మేము తప్పుపట్టము. కాని ఈ కేంద్రములకు కావలసిన యువకులు ఎచ్చట తయారగుదురు? మన దేశమున విద్యార్థులలో మిక్కిలి పెద్దభాగము రాష్ట్రవిశ్వవిద్యాలయములయందును వానికి చేరిన కళాశాలలయందును చదువుచున్నది. పొలమునకు కాలువ త్రవ్వి నారుమడిని ఎండబెట్టు రైతు ఎచ్చటనైన కలడా?

చరిత్ర యేమి చెప్పుచున్నది? 1924లో ఢాకా విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుకొనుచున్న సత్యేంద్రనాథ బోసు కాంతికణములను లెక్కించుటకు క్రొత్తపద్ధతిని కనుగొని, ఆ వ్యాసమును ఐన్‌స్టీనుకు పంపెను. ఐన్‌స్టీను దానిని స్వయముగా జర్మనుభాషలోనికి మార్చి ప్రకటింపించెను. నేడు ప్రపంచమందలి కణములలో నొక జాతి యంతయు బోసు పేర బోసానులని పిలువబడుచున్నది. మన యింటి సంగతి చూడుడు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతముగారు వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తున ఆచార్యులై, టి. వేంకటరాయుడుగారితో కలసి గణసిద్ధాంతమును భౌతికశాస్త్రమున కన్వయించు గ్రంథమును రచించిరి. 1948లో దానిని ప్రకటించినది ఆ పరిషత్తే. ఢాకాయు వాల్తేరును నాడు ధనరాసులపై కూర్చున్న పీఠములు కావు. అచ్చట నుండినవి ఉపాధ్యాయునికి జీతము, తీరిక, గ్రంథాలయము, ప్రశ్నించు శిష్యులు. ఈ నాలుగింటిని ఇచ్చునది ప్రజాధనము.

ఇట్టి కార్యములు కంపెనీలవారే చేసికొందురు, ప్రజాధన మేల యని వాదించువారు కలరు. వారికి 2025 నాటి నోబెల్ బహుమానమే ప్రత్యుత్తరము. విద్యుద్వలయమునందు క్వాంటం ధర్మములను కంటికి కట్టించిన ప్రయోగములకై జాన్ క్లార్క్, మిషెల్ దెవొరే, జాన్ మార్టినిస్ అను మువ్వురు దానిని పొందిరి. ఆ ప్రయోగములు 1984, 85 సంవత్సరములలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జరిగినవి, అది ప్రభుత్వవిద్యాలయము. మువ్వురిలో ఒకరు ఆచార్యులు, ఒకరు డాక్టరేటు ముగించి వచ్చిన యువపరిశోధకులు, ఒకరు శిష్యులు. నేడు పెద్ద కంపెనీలు నిర్మించుచున్న క్వాంటం యంత్రములలో పెక్కు ఆ వేరునుండి పుట్టినవే. పండు కోయుటకు వర్తకుడు వచ్చును. నలువదియేండ్లు ముందుగా విత్తు నాటుటకు రాడు.

ఇక మన రాజధాని మాట. అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పుదుమనియు, ఐ.బి.ఎం. వారి 156 క్యూబిట్ల యంత్రమును అచ్చట ప్రతిష్ఠింతుమనియు 2025లో ప్రకటన వెడలినది. ఆంధ్రులకు ఇది గర్వకారణమే. కాని యంత్రము వచ్చినంతమాత్రమున విద్య రాదు. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నమాట మఱువరాదు. ఆ యంత్రమును గాజుగోడవెనుకనుండి చూచి చిత్రపటములు తీయించుకొందుమా? లేక దానిని విప్పి, తిరిగి కూర్చి, దానికంటె మేలైనదానిని చేయగల బిడ్డలను పెంచుదుమా? శూన్యపుగుళ్లు, లేసరు కిరణములు, నిరపేక్షశూన్యమునకు వెంట్రుకవాసి దూరముననుండు శీతలయంత్రములు: ఇవి పుస్తకము చదివి వచ్చు విద్యలు కావు, చేతులతో చేసి నేర్చుకొనవలసినవి. రెండు తెలుగురాష్ట్రముల విశ్వవిద్యాలయములయందును మంజూరైన అధ్యాపకపదవులలో పెక్కు ఏండ్లతరబడి ఖాళీగా నున్నవి. 2024లో అఖిలభారత సాంకేతికవిద్యామండలివారు ఇంజనీరింగు విద్యార్థులకు క్వాంటం పాఠ్యక్రమ మొకటి సిద్ధపఱచిరి. సంతోషము. పాఠ్యక్రమము కాగితముపై నున్నది. పాఠము చెప్పువా రెవరు? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు కాకుండుగాక!

పేదదేశమున కూడును గూడును ముందు గాని ఈ సూక్ష్మవిద్యలు కావని మఱికొందఱందురు. ఆ మాటలోని ఆర్తిని మేము గౌరవింతుము. కాని 2020-21లో మన దేశము పరిశోధనలన్నిటిపైనను చేసిన వ్యయము జాతీయోత్పత్తిలో నూటికి 0.64 మాత్రమే. అనగా నూఱు రూపాయలలో అరువదినాలుగు పైసలు. ఈ పైసలను తగ్గించినందున ఆకలి తీరదు. పరుల విద్యను వెలపోసి కొనుటవలన మాత్రము ఆకలి పెరుగును.

కావున మేము కోరునది స్పష్టము. మిషన్ ధనములో నొక నిర్ణీతభాగమును రాష్ట్రవిశ్వవిద్యాలయములకై ప్రత్యేకించి, ఏటేట దాని లెక్కను ప్రజలయెదుట నుంచవలెను. ప్రతి రాష్ట్రవిశ్వవిద్యాలయమునందును క్వాంటం ప్రయోగములు చేయించు బోధనాశాల యొకటి వెలయవలెను. ఖాళీపదవులను దినవేతనపు బోధకులతో కాక శాశ్వతాచార్యులతో నింపవలెను. పరిశోధకవిద్యార్థుల వేతనములు నెలనెల తప్పక చేరవలెను. ఈ శాస్త్రమును తెలుగున బోధించు గ్రంథములు వ్రాయింపవలెను. తల్లిభాషలో అర్థమైనదే మనసున పాతుకొనును.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువుచున్న సోదరులారా! మీ శాసనసభ్యుడు ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు, యంత్రము ఎప్పుడు వచ్చునని అడుగకుడు. మన విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులెందఱు, ప్రయోగశాలకు ఈయేడు చేరిన సొమ్మెంత యని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిననాడు యంత్రము దానంతటదియే వచ్చును. అంతేకాదు, ఆ యంత్రము మనదై యుండును.