చిరునామాకు తోక

దౌల్తాబాదను పేరు మన యూరికి మాత్రమే చెల్లినది కాదు. సిద్దిపేట జిల్లాలో నొక దౌల్తాబాదు కలదు. పూర్వము దేవగిరి యనబడిన దుర్గమున్న దౌలతాబాదు మహారాష్ట్రమున కలదు. కవరుపై ఊరిపేరు మాత్రమే వ్రాసినచో టపా గుమాస్తా ఊహపై నాధారపడవలసినదే. ఇట్టి చిక్కులు తీర్చుటకై శ్రీరామ్ భికాజీ వేలణకర్ గారి యోచనచే 1972 ఆగస్టు 15వ తేదీన ఆరంకెల పిన్ కోడు అమలులోనికి వచ్చినది. లోపలి సంగతి నెవరును చదువకయే, పైనున్న అంకెలను బట్టి ఉత్తరము తన త్రోవను బోవును.

ఈమెయిలునందును ఇట్టి యుపాయము కలదు. దానిని పాఠశాలలు తప్పక వాడుకొనవలయునని నా యభిప్రాయము. పాఠశాలకు వచ్చు ఉత్తరములన్నియు సాధారణముగా నొక్క పెట్టెలోనే పడుచుండును. పుస్తకముల వర్తకుల ప్రకటనలు, ఫీజుల రసీదులు, పూర్వవిద్యార్థుల శుభాకాంక్షలు, వీని నడుమ ఒక బీదబాలిక విద్యార్థివేతనమునకై ఫలానా తేదీలోపల ధ్రువపత్రము పంపుడను లేఖ! ఆ తేదీ దాటినచో ఆ యేటి సొమ్ము చేజాఱినట్లే. విషయపంక్తిని బట్టి ఏఱుదమన్నచో, ఒకరు స్కాలర్‌షిప్ అనియు, ఒకరు అర్జెంట్ అనియు వ్రాయుదురు; కొందఱేమియు వ్రాయరు. వెదకిన దొరకును గదా యందురా? వచ్చినదని తెలిసినవాడు గదా వెదకును!

కావున చిరునామాకే తోక తగిలింపవలెను. యాట్ గుర్తునకు ముందు ఆఫీసు అని యున్నదనుకొనుడు. దాని వెంట కూడిక గుర్తును, వేతనము అను మాటను జేర్చి, విద్యార్థివేతనములిచ్చు వారికి ఆ చిరునామానే యియ్యవలెను. యాట్ గుర్తునకు ముందరి భాగమునకు అర్థము చెప్పు నధికారము ఉత్తరమును పుచ్చుకొను సర్వరుదే. పోస్ట్‌ఫిక్స్ అను సర్వరునకు కూడిక గుర్తే విభాజకమని యొక పంక్తిలో తెలిపినచో, అది తోకయున్నను ఆఫీసు పెట్టెను గుర్తుపట్టును. పిమ్మట సీవ్, అనగా జల్లెడ, అను చిన్న భాషలో వ్రాసిన నియమము తోకను జూచి ఉత్తరమును తగిన ఫోల్డరులో వేయును. సీవ్ భాషలో తోకను విడిగా పరీక్షించు పద్ధతి 2008లో ఆర్.ఎఫ్.సి. 5233 అను పత్రమున వెలువడినది. జీమెయిలు వాడు తల్లిదండ్రులకు సర్వరుతో పనియే లేదు. అందు కూడిక గుర్తు చెల్లును, ఫిల్టరు నొక్కటి పెట్టుకొనిన జాలును.

నియమము వ్రాయువారు ఉత్తరములోపలి 'టు' పంక్తిని నమ్మరాదు. పలువురికి ఒక్కమారు పంపిన జాబులో మన చిరునామా అచ్చట కనబడకపోవచ్చును. సర్వరులు తమలో తాము అందించుకొను పైచిరునామానే చూడవలెను. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి: ఏ తోక వచ్చిన ఆ తోకకు క్రొత్త ఫోల్డరు దానంతట పుట్టునట్లు చేయుట నాకెంతమాత్రము సమ్మతము కాదు. లోకములోని ప్రతి చిల్లర ప్రకటనదారుడును మన యింట గదులు కట్టుకొనును! మనము పెట్టిన నాలుగైదు తోకలకే ఫోల్డరులుండవలెను. తక్కినవన్నియు మొదటి పెట్టెలోనే కనబడవలెను. కూడిక గుర్తును ఒప్పుకొనని దరఖాస్తు ఫారములును కొన్ని కలవు, అది వానిని తయారుచేసినవారి యజ్ఞానము. అట్టిచోట చిన్నగీతను వాడుకొనవచ్చును, పోస్ట్‌ఫిక్స్ 2.11 మొదలుకొని రెండు విభాజకముల నొక్కమారే ఒప్పుకొనును.

ఇంతయు జేసి, ఆ ఫోల్డరును తెఱచువారు లేకున్నచో బాలిక జాబు మునుపటికంటె లోతున దాగును. వేతనముల ఫోల్డరును ప్రతి యుదయమును ఎవరు చూతురో, వారు సెలవులో నున్నప్పుడు ఎవరు చూతురో, ఆ రెండు పేర్లును ఆఫీసు గోడపై అంటించిన పిమ్మటనే సర్వరులో నియమమును వ్రాయవలెను.