పాడిన మనిషికి పేరుంది

'జానపదం' అనే మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. మాట చెడ్డదని కాదు, దాన్ని వాడే పద్ధతి చెడ్డది. సినిమా టైటిల్స్‌లోనైనా, యూట్యూబ్ వీడియో కిందనైనా, మన సంఘాలు వేసే పాటల పుస్తకాల్లోనైనా పాట కింద 'జానపదం' అని రాసేస్తే ఇక పాడిందెవరని ఎవరూ అడగరు. 'సేకరణ' అన్న మాట పక్కన మాత్రం తప్పకుండా ఒక పేరు ఉంటుంది. పండించిన వాళ్ళకి పేరు లేదు, పట్టుకెళ్ళిన వాళ్ళకి ఉంది. వ్యవసాయంలో ఇటువంటిది జరిగితే మనం ధర్నా చేస్తాం. పాట దగ్గరకొచ్చేసరికి అది అన్యాయమనే తోచదు.

నర్సీపట్నం దగ్గర గొలుగొండ మండలంలో స్త్రీల పని పాటల కోసం తిరిగినప్పుడు ఈ పేచీ ఇంకా ముదిరింది. కృష్ణదేవిపేట ఈ మండలంలోనిదే. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్ అక్కడిది, ఆయన సమాధీ అక్కడే ఉంది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాకి శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చిందని ఇక్కడి మగవాళ్ళు గర్వంగా చెప్తారు. రాసిందెవరో, పాడిందెవరో అన్నీ తెలుసు. తెలియాల్సిందే. అదే నోటితో, పక్క మడిలో ఊడుపులు ఊడుస్తూ పాడేవాళ్ళ గురించి అడిగితే "అవాండీ? ఆడోళ్ళు ఏవో పాడుకుంటారు" అన్నారు.

ఈ 'పాడుకోవడం' దగ్గర కాస్త ఆగాలి. మగవాళ్ళు పాడతారు, ఆడవాళ్ళు పాడుకుంటారు. 'పాడటం' వేరొకరు వినడానికి. దానికి వేదిక, మైకు, శాలువా ఉంటాయి. 'పాడుకోవడం' ఎవరికోసమూ కాదు కనక దానికి లెక్క లేదు. నిజానికి ఊడుపుల్లో ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. వంగిన నడుం నొప్పి తెలియకుండా వరస ముందుకు సాగేది ఆ పాటతోనే. దానివల్ల పొలం యజమానికి పని తెమిలింది. అంటే ఆ పాట శ్రమలో భాగం, దానికి కూలి కట్టలేదంతే. ఇంటిచాకిరీకి లెక్క కట్టాలని ఇన్నేళ్ళుగా వాదిస్తున్న మనకి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

ఇంకొకటి వాద్యం సంగతి. ఉత్తరాంధ్ర కళలు చెప్పమంటే వెంటనే తప్పెటగుళ్ళు, జముకుల కథ అంటాం. రెండిటికీ వాద్యం ఉంది, బృందం ఉంది, బృందానికి పేరుంది, ఎక్కువగా మగవాళ్ళే ఉన్నారు. స్త్రీలు పాడేటప్పుడు చేతుల్లో నారుకట్టో రోకలో ఊయల తాడో ఉంటుంది. చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళే వాద్యం పట్టగలరు, వాద్యం పట్టినవాళ్ళే కళాకారులయ్యారు. కొండ ఎక్కితే థింసాలో ఆడేది ఎక్కువగా స్త్రీలే. అయినా మంత్రిగారు వచ్చినప్పుడు, టూరిస్టులు వచ్చినప్పుడు వాళ్ళు 'థింసా ట్రూప్' మాత్రమే. ఫొటోలో ఉంటారు, ఫొటో కింద ఉండరు.

ఈ పాటలకి కర్తలెవరో తెలియదు కదా, ఎవరి పేరు వేస్తామని పండితులు అంటారు. మొదట కట్టిందెవరో తెలియకపోవచ్చు. ఈ రూపంలో మోసుకొచ్చిందెవరో తెలుసు. ఒక పెద్దామెని "ఈ పాట ఎక్కడిదమ్మా?" అంటే "నాకేటి తెలుసమ్మా, మా అత్తకాడ ఇన్నాను" అంది. కాసేపు కూర్చున్నాక అత్త ఊరు, అత్తకి నేర్పిన మేనత్త ఊరు, తను మధ్యలో కలిపిన చరణం, తీసేసిన చరణం, ఎందుకు తీసేసిందీ అన్నీ చెప్పింది. దీన్ని అజ్ఞాత రచన అనడం మన బద్ధకం. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో, పాడే స్త్రీల కులాన్ని బట్టి రామాయణమే ఎలా మారిపోతుందో చూపించారు. అంటే పాడిందెవరో తెలియకుండా పాట సగమే తెలుస్తుంది.

2021లో 'సారంగదరియా' గొడవ గుర్తుండే ఉంటుంది. ఆ జానపదాన్ని 'రేలా రే రేలా' టీవీ కార్యక్రమంలో పాడిన కోమలి, తనకి గుర్తింపు లేకుండా సినిమాలో వాడారని అడిగింది. పత్రికల్లో రచ్చయ్యాక ఆమె పేరు వేస్తామని, డబ్బు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. మంచిదే. అయితే ఆ పాట మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని కోమలి చెప్పినా, ఆ అమ్మమ్మ పేరు అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలకి తెలియాలి. కర్త తెలియని పాత పాటకి 1957 కాపీరైట్ చట్టంలో రక్షణ దాదాపు లేదు. దాన్ని తీసుకుని నాలుగు లైన్లు కొత్తగా రాసినవారికి మాత్రం తమ రచన మీద హక్కు వస్తుంది. అన్యాయం ఇక్కడే ఉంది. కానీ 1994 సవరణ ప్రదర్శకులకి హక్కుల్ని కల్పించింది. ఆ చట్టంలో ప్రదర్శకులంటే నటులు, గాయకులే కాదు, గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా. పామునాడించేవాడిని గుర్తుపెట్టుకున్న చట్టం మడిలో పాడే మనిషిని కాదనలేదు. 2012లో చేర్చిన 38బి సెక్షన్ ప్రకారం, తన ప్రదర్శనకి తన పేరు చెప్పమని అడిగే హక్కు ప్రదర్శకురాలిది. అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోవడం కూడా కుదరదు. ఇంత ఉన్నా ఫోనుతో గట్టుమీద నిలబడి తీసుకుపోయేవాళ్ళని ఆపేవారు లేరు. వీడియో మీద ఛానల్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో పడుతుంది.

ఇదంతా ఆచరణలో సాధ్యమా అనేవారికి దూరదేశపు సంగతి ఒకటి. లాటిన్ అమెరికా సంగీతంలో మహా గాయనిగా పేరొందిన చిలీ స్త్రీ వియొలేతా పార్రా 1950లలో గిటారుతో, నోటుబుక్కుతో పల్లెలు తిరిగి పాటలు పోగుచేసింది. 1967లో ఆమె చనిపోయింది. ఆ పాటల పుస్తకం 1979లో వచ్చింది. అందులో పాటలు ఎంత ముఖ్యమో ఇచ్చినవాళ్ళూ అంతే ముఖ్యం. రోసా లోర్కా అనే ఆమె మంత్రసాని, చనిపోయిన పసిపిల్లల్ని జాగరణకి అలంకరించే మనిషి, పాటగత్తె. ఆ మూడు పనులతో సహా ఆమె పుస్తకంలో ఉంది. సొంత వాహనం లేని, పెద్ద సంస్థ అండలేని మనిషి అప్పట్లోనే చేసిన పని ఇది. తర్వాత అర్జెంటీనా గాయని మెర్సెడెస్ సోసా 1971లో వియొలేతా పాటలతో ఆల్బమ్ చేసినప్పుడు ఆమె పేరుని ఆల్బమ్ పేరులోనే పెట్టింది.

ఇంత చెప్పి నేను గొలుగొండ స్త్రీల పేర్లు రాయలేదేమని మీరు అడుగుతారు. పేరు వేయడానికీ అనుమతి కావాలి. ఒకామె "పేపర్లో పేరేత్తే మా ఇంట్లో ఏటంటారో" అంది. నలుగురిలో పాడే ఆడదంటే భోగంవాళ్ళే అన్న ముద్ర కళావంతుల కుటుంబాల్ని ఎంత బాధపెట్టిందో, మిగతా స్త్రీల గొంతుని అంతగా నొక్కింది. 1947 దేవదాసీ నిషేధ చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా ఆ భయం పోలేదు. ఇంకొకామె మాత్రం "పేరు సరేనమ్మా, డబ్బులేటైనా ఇత్తారా?" అంది. నా పరిశోధనంతటిలో ఇంతకన్నా సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

అందుచేత పాట రికార్డు చేసే ప్రతి సంఘం ముందే సమ్మతి అడగాలి, రోజు కూలికి తగ్గకుండా ఇవ్వాలి, ఎవరి దగ్గర నేర్చుకుందో రాసుకోవాలి, రికార్డు ఒక కాపీ ఆ ఇంటికే ఇవ్వాలి. పేరు వద్దంటే వద్దన్నదని రాయాలి, 'జానపదం' అని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి డప్పు కళాకారుల పింఛను 4,000 రూపాయలైంది. అది ఎన్నో ఏళ్ళు అడిగి సాధించుకున్న గుర్తింపు, తక్కువచేయడం లేదు. డప్పు పట్టుకున్నవాళ్ళని డప్పు చూసి గుర్తుపట్టొచ్చు. నారుకట్ట పట్టుకుని నలభై ఏళ్ళు పాడినామె కళాకారుల పింఛనుకి దరఖాస్తు పెడితే, సచివాలయంలో ఆమె ముందు పెట్టే కాగితంలో వృత్తి దగ్గర ఏం రాస్తారో, వచ్చే సమావేశానికి ఒక్కొక్క మండలం నుంచి కనుక్కుని రండి.