ఇంటి ఇంజనీరింగు: సింకులో నీరు నిలిచినప్పుడు

కర్మాగారంలో ఒక గొట్టం పూడుకుపోతే మన సిబ్బంది మొదట కారణం వెతుకుతారు, ఆ తరువాతనే పనిముట్టు చేతపడతారు. వంటింటి సింకు దగ్గర మాత్రం ఈ క్రమం తారుమారవుతున్నది. నీరు నిలిచిన మరుక్షణమే యాసిడ్ సీసా కోసం చేయి చాచడం అనేక గృహాలలో అలవాటుగా మారింది. ఇది గొట్టానికీ, మనిషికీ కూడా చేటు తెచ్చే అలవాటు కనుక ఈ నెల శీర్షికను ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

సింకు అడుగున ఉండే వంపును ట్రాప్ అంటాము. అందులో సుమారు 50 మిల్లీమీటర్ల మేర నీరు ఎల్లప్పుడూ నిలిచి ఉండవలె. మురుగు వాయువులను, పురుగులను ఇంటిలోనికి రానీయకుండా ఆపేది ఆ నీరే. 1775లో లండన్‌లోని గడియారాల నిర్మాత అలెగ్జాండర్ కమింగ్ మరుగుదొడ్డికై పొందిన పేటెంటులో ఈ వంపు కనిపిస్తుంది. పూడికకు అదే కారణమని తలచి వంపును తీయించి, తిన్నని గొట్టం వేయించుకోవడం తగదు.

అసలు కారణం కొవ్వు. నెయ్యి, వనస్పతి, మాంసపు కొవ్వు వేడినీటితో కరిగి జారిపోయినట్లే కనిపిస్తాయి. కొంతదూరం పోయి, చల్లబడగానే గొట్టపు గోడలకు పేరుకుంటాయి. కొబ్బరినూనె సైతం 24 డిగ్రీల కన్న తక్కువ వేడిమిలో గడ్డకడుతుంది. కఠిన జలంలోని కాల్షియం సబ్బుతో కలిసి నీట కరగని తెట్టుగా మారుతుంది. ఈ జిగట పొరను టీపొడి, మెతుకులు, దోసెపిండి అంటిపెట్టుకుంటాయి. సింకు కింద ముడతల గొట్టం వేలాడుతూ ఉంటే ఆ పల్లంలో పూడిక మరింత త్వరగా చేరుతుంది.

నివారణ సులభమే. జిడ్డు మూకుడును కడిగే ముందు పాత కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయాలి. సింకు రంధ్రంపై జాలీ తప్పక ఉంచాలి. మన పెద్దలు బియ్యపు కడుగునూ గంజినీ కుడితి తొట్టికి చేర్చేవారు. నేడు పశువులు లేకున్నా, పిండిగిన్నె తొలి కడుగు నీటిని మొక్కలకు పోయవచ్చును. మరుగుతున్న గంజిని సింకులో వార్చడం మంచిది కాదు. పీవీసీ గొట్టం ఆ వేడికి మెత్తబడుతుంది, గంజి చల్లారి జిగురవుతుంది. వారానికొకమారు చేయి ఓర్చుకోగలిగినంత వేడినీటిని, గిన్నెలు తోమే సబ్బుద్రవంతో కలిపి, ఒక్కసారిగా పోయడం మేలు.

పూడిక ఏర్పడినచో ముందుగా దాని స్థానాన్ని గుర్తించాలి. సింకు ఒక్కటే నిలిస్తే దోషం ట్రాప్‌లో ఉన్నట్లు భావించవచ్చు. పై అంతస్తువారు నీరు వాడినప్పుడు కింది ఇంటి సింకులోనికి మురుగు ఎగదన్నితే, పూడిక ఉమ్మడి గొట్టంలోనో, బయటి చాంబరులోనో ఉన్నది. అది ఇంటిలో తీరే పని కాదు. నిర్వహణ విభాగానికి ఫిర్యాదు చేయాలి.

మొదటి సందర్భంలో, సింకులో రెండు మూడు అంగుళాల నీరు ఉంచి, పైనున్న అదనపు రంధ్రాన్ని తడిగుడ్డతో మూసి, రబ్బరు ప్లంజరుతో 15, 20 మార్లు గట్టిగా నొక్కి లాగాలి. ఫలితం లేకున్నచో కింద బకెట్టు పెట్టి, ట్రాప్ మరను చేతితో విప్పి శుభ్రపరచాలి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు స్థానం తప్పకుండా చూడాలి. అప్పటికీ తొలగకపోతే స్ప్రింగు తీగను తిప్పుతూ గొట్టంలోనికి పంపాలి. వంటసోడా, వెనిగరు కలిపినప్పుడు నురుగు వస్తుంది గాని, అవి ఒకదానినొకటి నిర్వీర్యం చేసుకుంటాయి, కొవ్వు కరగదు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. యాసిడ్‌ను బ్లీచింగు పదార్థంతో ఎన్నడూ కలపరాదు. అందువల్ల వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. కాస్టిక్ సోడా నీటిలో కలిసినప్పుడు తీవ్రమైన వేడి పుట్టి, ద్రవం పైకి చిమ్మవచ్చు. అది కంటిలో పడితే చూపుకే ప్రమాదం. రసాయనం పోసిన సింకుపై ప్లంజరు వాడరాదు. పనివానిని పిలిస్తే ఏమి పోశామో ముందే చెప్పడం మన విధి.

మనం వదిలిన జిడ్డు మన గుమ్మం దాటితే మాయమైపోదు. అది కింది వాటాలోని కుటుంబానికి, ఆపైన మ్యాన్‌హోల్ శుభ్రపరచే కార్మికునికి చేరుతుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగుకాలువలోనికి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇట్టి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలుగా ఉండాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. పరిహారం చెల్లించవలసిన పరిస్థితే రాకుండా చూడడంలో మనకూ కొంత పాత్ర ఉన్నది. మూకుడు తుడిచిన ఆ పాత కాగితపు ముక్కతోనే అది మొదలవుతుందని మా అభిప్రాయం.